రిజిస్టరు రాసేవాళ్లున్నారు, చదివేవాళ్లేరీ?

(విజయవాడలో మందుల షాపుల యజమానులు, ఫార్మసిస్టులు, ఫార్మసీ విద్యార్థులు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీలో చాలామంది షాపు ఇంకొకరికి అప్పజెప్పి వచ్చారు, అందుకని నేరుగా విషయంలోకి వస్తాను.

సూర్యారావుపేటలో ఒక డాక్టరుగారు నిద్రపట్టని మనిషికి చీటీ రాశారనుకోండి. అల్ప్రాజోలం 0.5 మిల్లీగ్రాములు, రాత్రికి ఒకటి, 15 రోజులు. మొత్తం 15 మాత్రలు. అతను ఆ వీధి చివర షాపులోనే కొన్నాడు. మర్నాడు అదే చీటీ బెంజి సర్కిల్ దగ్గర ఇంకో షాపులో చూపించాడు. తర్వాత మంగళగిరి, తెనాలి, గుంటూరు కొత్తపేట. ఐదు షాపులు తిరిగేసరికి చేతిలో 75 మాత్రలు. ఐదుగురూ చీటీ చూశారు, రిజిస్టర్లో రాశారు, బిల్లు ఇచ్చారు. డ్రగ్ ఇన్‌స్పెక్టరు ఏ షాపుకెళ్లి ఆ పేజీ తిప్పినా అందులో ఆ పేరు ఒక్కసారే ఉంటుంది. ఐదు పుస్తకాలూ పక్కపక్కన పెడితే తప్ప సంగతి బయటపడదు. పెట్టేవాళ్లు లేరు. పైగా ఇందులో రెండు షాపులు ఎన్టీఆర్ జిల్లావి, మూడు గుంటూరు జిల్లావి.

డాక్టరు చీటీ మీద అమ్మే మత్తు మందుల పర్యవేక్షణ అంటే ఆ పుస్తకాలను ఒకచోట చేర్చి చదవడమే. దానికి ఎంత డబ్బు కావాలి, ఏ పద్దు కింద కావాలి, ఎక్కడ తీసుకోవచ్చు, ఎక్కడ తీసుకోకూడదు అన్నదే ఇవాళ నేను చెప్పదలచుకున్నది.

ఇంత హడావిడి అవసరమా అనేవాళ్ల కోసం రెండు అంకెలు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ తరఫున ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వచ్చింది. 10 నుంచి 75 ఏళ్ల వయసువాళ్లలో నిద్రమాత్రల వంటి మత్తు మందులను వైద్య అవసరం లేకుండా వాడుతున్నవాళ్లు దేశంలో సుమారు 1.18 కోట్ల మంది అని అందులో తేలింది. నల్లమందు జాతి పదార్థాల్లో, మందుల షాపులో దొరికే రకం వాడేవాళ్లు జనాభాలో 0.96 శాతం. హెరాయిన్ 1.14 శాతం. పెద్ద తేడా లేదండి. హెరాయిన్‌కి పోలీసులున్నారు, నిఘా ఉంది. రెండోది మన కౌంటరు మీదుగానే వెళుతోంది.

ఇప్పుడు మన చేతిలో ఏముందో చూద్దాం. డాక్టరు చీటీ మీదే, విడి రిజిస్టర్లో రాసి మరీ అమ్మాల్సిన మందుల జాబితాని షెడ్యూల్ హెచ్‌1 అంటారు. షెడ్యూల్ హెచ్‌1 నోటిఫికేషన్ 2013 ఆగస్టు 30న వచ్చింది, 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. అప్పటి జాబితాలో 46 మందులు. వాటిలో ఎక్కువ యాంటీబయాటిక్‌లు, టీబీ మందులు. అలవాటు పడే మందులు విడిగా లెక్కపెడితే పదకొండు: అల్ప్రాజోలం, డయాజెపామ్, నైట్రాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్, మిడజోలం, జోల్పిడెమ్, ట్రమడాల్, కోడీన్, పెంటజోసిన్, బుప్రెనార్ఫిన్, డైఫినాక్సిలేట్. ఆనాటి జాబితాలో మత్తుమాత్ర క్లోనాజెపామ్ లేదు, నల్లమందు జాతి నొప్పి మాత్ర టాపెంటడాల్ లేదు. ఈ రెండూ మన షాపుల్లో ఎంత కదులుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. టాపెంటడాల్ మాత్ర నూరి, నీళ్లలో కలిపి సిరంజితో ఎక్కించుకునే కుర్రాళ్ల గురించి మన జిల్లాల్లో వినని ఫార్మసిస్టు లేడు. మాత్రలో మందుతోపాటు టాల్కు, సెల్యులోజు లాంటి కరగని పొడులుంటాయి. అవి రక్తనాళాన్ని మూసేస్తాయి, ఊపిరితిత్తుల్లో పేరుకుంటాయి. చెయ్యి కుళ్లే దాకా వచ్చి ఆసుపత్రికి చేరేవాళ్లు అందుకే ఉన్నారు.

ట్రమడాల్‌ని 2018 ఏప్రిల్‌లో ఎన్‌డీపీఎస్ అనే మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం కిందికి తెచ్చారు. అదీ అలాంటి నొప్పి మందే. అక్కడ తలుపు మూసుకుంటే గిరాకీ పక్కనున్న టాపెంటడాల్ వైపు జరిగింది. ఒక్క మందు పేరు పట్టుకుని నిఘా పెడితే ఇదే జరుగుతుంది. వ్యవస్థ కట్టేవాళ్లు జాబితాను ఏడాదికి రెండుసార్లయినా తిరగరాసే వీలు ఉంచుకోవాలి, ఆ పనికి మనిషిని పెట్టుకోవాలి.

రిజిస్టరు దగ్గరకు వద్దాం. ఔషధ నియమాల్లోని 65వ రూలు ప్రకారం హెచ్‌1 మందు ఇచ్చినప్పుడే విడి రిజిస్టర్లో రాయాల్సినవి: చీటీ రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణం. మూడేళ్లు దాచాలి. 'ఇచ్చినప్పుడే' అన్న మాట గట్టిగా పట్టుకోండి. చాలాచోట్ల రాత్రి షట్టరు సగం దించాక, రోజంతా పడిన బిల్లులు ముందేసుకుని ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో వరసగా రాసేస్తున్నారు. చీటీ అప్పటికే రోగితో వెళ్లిపోయింది. డాక్టరు పేరు గుర్తుండదు. గడి ఖాళీగా ఉంచలేక బాగా తెలిసిన పేరొకటి రాస్తారు. నెల తిరిగేసరికి ఒకే డాక్టరుగారు రోజుకి నలభై మందికి నిద్రమాత్రలు రాసినట్టు లెక్క తయారవుతుంది. రేపు ఈ పుస్తకాలన్నీ కంప్యూటరులోకి ఎక్కిస్తే మొట్టమొదటి అలర్టు పాపం ఆ డాక్టరు మీదే వస్తుంది.

ఇంకొక తప్పు పరిమాణం గడిలో. '2' అని రాసి ఉంటుంది. రెండు మాత్రలా, రెండు స్ట్రిప్పులా? స్ట్రిప్పు పదిదా, పదిహేనుదా? ఎప్పుడూ మాత్రల్లోనే రాయండి, అంకెతోపాటు అక్షరాల్లోనూ రాయండి. చీటీ మీద డాక్టరు 10 అని రాస్తే దాన్ని 30గా దిద్దడానికి ఒక గీత చాలు. 'పది' అని అక్షరాల్లో ఉంటే దిద్దలేరు. డాక్టర్లను కలిసినప్పుడు ఈ ఒక్కటి అడగండి.

మూడోది స్కీము సరుకు. స్టాకిస్టు 10కి 1 ఇచ్చాడు. బిల్లులో పదికి డబ్బు, పదకొండోది ఉచితం. కొనుగోలు పుస్తకంలో డబ్బు కట్టిన పదే ఎక్కిస్తే ఆ పదకొండో స్ట్రిప్పుకి లెక్క లేదు. అమ్మినా తెలియదు, ఎవరైనా తీసుకెళ్లినా తెలియదు. ఎక్స్‌పైరీ రిటర్నులు కూడా అంతే. వాపసు పంపినట్టు కాగితం ఉంటుంది, స్టాకిస్టు అందుకున్నట్టు క్రెడిట్ నోటు ఉండదు. మొదటి నిల్వ, దానికి కొన్నది కలిపి, అమ్మినదీ వాపసు పోయినదీ తీసేస్తే షెల్ఫులో ఉన్నది రావాలి. హెచ్‌1 మత్తు మందులకు ఈ లెక్క వారానికోసారి, శనివారం రాత్రి పావుగంట కూర్చుని వేసుకుంటే చాలు. షాపులో పనిచేసే కుర్రాడు జేబులో వేసుకున్నా అక్కడే దొరుకుతుంది.

నాలుగోది ముద్ర. ఈ రూలు చాలామందికి గుర్తుండదు. చీటీ మీద మందు ఇచ్చాక డాక్టరు సంతకానికి పైన షాపు పేరు, చిరునామా, ఇచ్చిన తేదీ రాయాలి. మళ్లీ ఇవ్వమని డాక్టరు రాస్తే తప్ప ఒక చీటీ మీద ఒక్కసారే ఇవ్వాలి. ఇందాకటి మనిషికి సూర్యారావుపేట షాపువాళ్లు ఆ ముద్ర కొట్టి ఉంటే బెంజి సర్కిల్లోనే ఆగిపోయేవాడు. ముద్రకి ఖర్చు రెండొందలు కూడా కాదు. మనకిప్పుడున్న పర్యవేక్షణ వ్యవస్థల్లో అన్నిటికంటే చవకైనది అదే. కానీ జిరాక్సు మీదా, ఫోన్లో చూపించే ఫొటో మీదా ముద్ర పడదు. కాబట్టి మత్తు మందుకి అసలు చీటీ చూడాల్సిందే.

చీటీ రాసినవాళ్ల గురించి ఒక మాట. పెట్టె మీద రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీ మీదే అమ్మాలని ఉంటుంది. దాన్ని పొడి అక్షరాల్లో ఆర్‌ఎంపీ అంటాం. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ అంటే ఎవరో మీకు తెలుసు. చట్టం చెప్పే మనిషి వేరు, ఊళ్లో పిలిచే మనిషి వేరు. అందుకని రిజిస్టర్లో డాక్టరు పేరు పక్కన మెడికల్ కౌన్సిల్ నంబరు గడి కూడా గీసుకోండి. చట్టం అడగకపోయినా మీకు రక్షణ.

ఇక డబ్బు సంగతి. ఈ దారిలో అందరికంటే ముందు నడిచింది అమెరికా. కాలిఫోర్నియా 1939లోనే మత్తు మందుల చీటీలకు పర్యవేక్షణ పెట్టింది, అదీ కాగితాల మీద. కంప్యూటరు ద్వారా పంపడం ఓక్లహోమాలో 1990 ప్రాంతంలో మొదలైంది. రాష్ట్రాలకు అసలు ఊపు వచ్చింది 2002లో. హెరాల్డ్ రోజర్స్ అనే కాంగ్రెస్ సభ్యుడి పేరుతో అమెరికా కేంద్ర న్యాయ శాఖ గ్రాంటులు మొదలుపెట్టింది. ఆ గ్రాంటుల్లో ప్రణాళిక వేసుకోవడానికి ఒకటి, వ్యవస్థ పెట్టడానికి ఒకటి, పెట్టాక మెరుగుపరచుకోవడానికి ఒకటి ఉండేవి. ఆ మూడో రకం ఉండబట్టే చాలా రాష్ట్రాల్లో వ్యవస్థ బతికింది.

దానికి ఎదురు ఉదాహరణ కూడా అక్కడే ఉంది. 2005లో నాస్పర్ అని ఇంకో చట్టం చేశారు, ఆరోగ్య శాఖ ద్వారా రాష్ట్రాలకు డబ్బివ్వడానికి. చట్టం వచ్చింది గానీ నిధులు 2009 దాకా కేటాయించలేదు. నాలుగేళ్లు కాగితం మీదే ఉంది. ఫ్లోరిడా కథ మనం మరీ శ్రద్ధగా చూడాలి. 2009లో చట్టం చేశారు. ఖజానా నుంచి పైసా ఇవ్వం, గ్రాంటులూ విరాళాలతో నడుపుకోండి అన్నారు. మొదలవడానికి 2011 దాకా పట్టింది. ఈలోగా ఆ రాష్ట్రంలో నొప్పి క్లినిక్కుల పేరుతో ఆక్సికోడోన్ అనే మత్తు నొప్పి మందు పంచే దుకాణాలు దేశం మొత్తానికి పేరుమోశాయి. ఆ మందునే ఆక్సికాంటిన్ పేరుతో తయారుచేసే పర్డ్యూ కంపెనీ పది లక్షల డాలర్లు ఇస్తానని ముందుకొచ్చింది. అప్పటి గవర్నరు వద్దన్నారు. ఏ మందును లెక్క పెట్టాలో ఆ మందు అమ్మేవాడి డబ్బుతో లెక్క పెడితే, ఆ లెక్కని ఎవరు నమ్ముతారు? మన దగ్గరా రేపు ఏ కంపెనీయో సీఎస్ఆర్ నిధులతో, అంటే సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చుతో, ట్యాబ్‌లు కొనిస్తానంటే ఇదే ప్రశ్న వేసుకోవాలి.

మిస్సోరి అన్నిటికంటే చివర, 2021లో చట్టం చేసింది. కానీ 2017 నుంచే సెయింట్ లూయిస్ కౌంటీ సొంతంగా ఒకటి నడిపింది, పక్క కౌంటీలు చేరాయి. రాష్ట్రం కదిలేదాకా ఆగక్కర్లేదు, జిల్లా స్థాయిలో మొదలుపెట్టొచ్చు. ఎన్టీఆర్, గుంటూరు జిల్లాలు రెండూ కలిసి చేసినా ఇందాకటి ఐదు పుస్తకాలు ఒకచోటికి వస్తాయి.

ఖర్చు లెక్క వేద్దాం. ఇవి ఊహించుకున్న అంకెలు, పద్ధతి తెలియడానికి. పదివేల షాపులు. షాపుకి రోజుకి హెచ్‌1 ఎంట్రీలు 20, ఏడాదికి 300 రోజులు. ఆరు కోట్ల ఎంట్రీలు. ఒక్కోదానికీ రోగి ఫోనుకి ఓటీపీ పంపాలని ఎవరో ఉత్సాహంగా ప్రతిపాదనలో పెడతారు. మెసేజికి 20 పైసలు వేసుకోండి, కోటీ ఇరవై లక్షలు ఒక్క మెసేజిలకే. ఆ డబ్బు షాపుల మీదే వేద్దామని ఏడాదికి 500 చొప్పున రుసుము పెడితే వచ్చేది 50 లక్షలు. సగం కూడా పూడదు. సర్వరు, సిబ్బంది, శిక్షణ ఇంకా లెక్కలోకే రాలేదు.

అదే యాంటీబయాటిక్‌లు పక్కనపెట్టి, ఆ పదకొండు మందులూ, క్లోనాజెపామ్, టాపెంటడాల్ మాత్రమే తీసుకుంటే రోజుకి ఆరు ఎంట్రీలనుకోండి. కోటీ ఎనభై లక్షల ఎంట్రీలు. ఓటీపీ అందరికీ కాకుండా 30 మాత్రలు దాటినప్పుడో, కొత్త ఊరి మనిషి వచ్చినప్పుడో మాత్రమే, పదింట ఒకదానికి పెడితే మెసేజి ఖర్చు మూడు లక్షల అరవై వేలు. యాంటీబయాటిక్‌ల సమస్య చిన్నదని కాదు. దాన్ని ఇదే బుట్టలో వేస్తే రెండూ మునుగుతాయి.

మన కౌంటరు దగ్గర కూడా ఖర్చుంది, దాన్ని ఏ ప్రతిపాదనలోనూ రాయరు. ఎంట్రీకి రెండు నిమిషాలు పట్టే తెర ఇచ్చారనుకోండి. ఇరవై ఎంట్రీలంటే నలభై నిమిషాలు. సాయంత్రం ఏడింటికి కౌంటరు ముందు పదిమంది నిలబడి ఉంటే ఎవరూ చెయ్యరు. మళ్లీ రాత్రి పెన్ను పద్ధతికే వస్తారు. కాబట్టి విడిగా వెబ్‌సైటు తెరవక్కర్లేకుండా, మీరు వాడుతున్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచే ఎంట్రీ వెళ్లిపోవాలి. బ్యాచి నంబరు స్కాను చేస్తే పడాలి. 2023 ఆగస్టు నుంచి 300 ప్రధాన బ్రాండ్ల మీద బార్‌కోడో క్యూఆర్ కోడో తప్పనిసరి చేశారు కదా, అది పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలన్నిటితో ఈ అనుసంధానం చేయించడానికి మొదటి ఏడాది బడ్జెట్లో పెద్ద ముక్కే కేటాయించాలి. ఇక్కడ పిసినారితనం చేస్తే మిగతా ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే.

హోల్‌సేలు వైపు నుంచి మొదలుపెట్టడం ఇంకా చవక. షాపులు వేలల్లో ఉంటే ఏజెన్సీలు వందల్లోనే. అవన్నీ ఇప్పటికే కంప్యూటరు బిల్లులు. నెలకోసారి ఏ షాపు ఎన్ని మాత్రలు కొందో ఒక పట్టిక పంపిస్తే చాలు. ఒకే వీధిలో పక్క షాపులు నెలకి 300 మాత్రలు కొంటుంటే ఒకటి 6,000 కొన్నదనుకోండి, దానికి కారణం అడగాలి. పక్కనే మానసిక వైద్యుల క్లినిక్కు ఉండొచ్చు, న్యాయమైన కారణమే కావచ్చు. అడిగాక తెలుస్తుంది. జీఎస్టీ బిల్లుల్లో ఇదంతా ఉంది కదా అనేవాళ్లకి ఒక మాట. మందుల హెచ్‌ఎస్‌ఎన్ కోడు, అంటే పన్ను కోసం సరుకుల్ని వర్గాలుగా విడదీసే నంబరు, 3004తో మొదలవుతుంది. పారాసెటమాల్‌కీ 3004, అల్ప్రాజోలానికీ 3004. పన్ను లెక్కకి అది చాలు, మత్తు లెక్కకి చాలదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పద్దు. మనుషులు. సాఫ్ట్‌వేరు ఒకసారి కొనే వస్తువు, మూలధన వ్యయం కింద మంజూరు సులువు, ప్రారంభోత్సవం కూడా ఉంటుంది. అలర్టు చదివే మనిషి జీతం ప్రతి ఏడాదీ అడుక్కోవాల్సిన ఖర్చు. మొదటి ఏడాది వారంటీలో గడిచిపోతుంది. రెండో ఏడాది ఏఎంసీ, అంటే వార్షిక నిర్వహణ ఒప్పందం సొమ్ము, మిగులు నిధులతో కడతారు. మూడో ఏడాది కట్టడానికి పద్దు ఉండదు. తెర వెలుగుతూనే ఉంటుంది, ఎంట్రీలు వెళుతూనే ఉంటాయి, అటువైపు కుర్చీ ఖాళీ. మనం ఐదు రిజిస్టర్ల దగ్గర మొదలుపెట్టి, చదివేవాడు లేని ఒక పెద్ద రిజిస్టరు దగ్గర తేలతాం.

ఒక అలర్టు తేల్చడానికి ఏం కావాలో చూడండి. షాపుకి ఫోను చెయ్యాలి, చీటీ ప్రతి తెప్పించుకోవాలి, డాక్టరు క్లినిక్కుకి ఫోను చేసి ఆయనే రాశారా అని అడగాలి, పేరు సరిపోలిందా చూడాలి. తక్కువలో తక్కువ అరగంట. వారానికి 40 గంటలు పనిచేసే మనిషి 80 అలర్టుల కంటే తేల్చలేడు. వారానికి 800 అలర్టులు పుట్టించే వ్యవస్థ కట్టి ఇద్దరిని కూర్చోబెడితే, నెలలోపు వాళ్లు చూడటం మానేస్తారు. అందుకని ముందు ఎంతమందిని పెట్టగలమో తేల్చుకోవాలి, దాన్ని బట్టి అలర్టు గీత ఎక్కడ గీయాలో నిర్ణయించాలి.

పేరు సరిపోల్చడం అన్నాను. అమెరికాలో పేరూ పుట్టిన తేదీతో చాలావరకు పని జరుగుతుంది. మన దగ్గర వెంకటేశ్వరరావు ఒక షాపులో కె. వెంకటేశ్వరరావు, ఇంకో షాపులో వెంకటేశ్వర్లు, మూడో షాపులో కె.వి. రావు. ఇంటిపేరు ముందో వెనకో. పుట్టిన తేదీ చెప్పమంటే వయసు చెబుతారు, అదీ ఒకచోట 48, ఒకచోట 50. కంప్యూటరుకి వీళ్లు ముగ్గురు మనుషులు. తలకిందులుగా, ఒకే వీధిలో ఇద్దరు నాగలక్ష్ములు ఒకరైపోతారు, ఏ పాపమూ ఎరగని ఆవిడకి మందు ఆగిపోతుంది. ఫోను నంబరు కలిపితే చాలావరకు తేలుతుంది గానీ ఇంట్లో నలుగురికీ ఒకే నంబరు ఉండొచ్చు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వాళ్ల 14 అంకెల ఆరోగ్య గుర్తింపు, ఆభా నంబరు ఉన్నవాళ్ల దగ్గర అది తీసుకోవచ్చు. ఉంటేనే మందిస్తాం అనకూడదు. ఈ జతపరిచే పనికి తెలుగు పేర్లు తెలిసిన మనిషి కావాలి, అదీ బడ్జెట్లో విడి పద్దు.

నిధుల దారులు చూద్దాం. రాష్ట్రాల ఔషధ నియంత్రణ వ్యవస్థల బలోపేతానికి కేంద్రం 850 కోట్ల పథకం ఒకటి పెట్టింది, కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో. ల్యాబులూ కార్యాలయాలూ బలపరచడానికి అది ఉద్దేశించింది. ఇలాంటి పథకాల నుంచి మొదటి ఏడాది సామగ్రి అడగటం న్యాయం. ఎన్‌డీపీఎస్ చట్టం 7ఎ సెక్షన్ కింద మాదకద్రవ్యాల దుర్వినియోగ నియంత్రణకు జాతీయ నిధి ఒకటి ఉంది. వ్యసన విముక్తి వైపు సామాజిక న్యాయ శాఖ జాతీయ కార్యాచరణ పథకం ఉంది. ఏటా వచ్చే జీతాలూ నిర్వహణా మాత్రం రాష్ట్ర బడ్జెట్లో సొంత పద్దుగా ఉండాలి, లైసెన్సు రుసుముల్లో కొంత దీనికే కేటాయించాలి. మన లైసెన్సులు 2017 సవరణ తర్వాత ఐదేళ్లకోసారి రిటెన్షన్ ఫీజు కట్టే పద్ధతిలోకి వచ్చాయి. అందులోంచి చిన్న పాలు ఇటు మళ్లిస్తే షాపు మీద కొత్త భారం పడదు.

జరిమానాలతో నడపకూడదు. తనిఖీలో పట్టుకున్న డబ్బే జీతమైతే, తప్పు లేనిచోట కూడా తప్పు వెతుకుతారు. తనిఖీలు వద్దని నా మాట కాదు. 2025 మార్చిలో రాష్ట్ర పోలీసుల మాదకద్రవ్య నిరోధక విభాగమైన ఈగల్ బృందాలు, ఔషధ నియంత్రణ శాఖ, విజిలెన్సు కలిసి ఆపరేషన్ గరుడ పేరుతో రాష్ట్రమంతా మందుల షాపులు చూశారు. అవసరమే. కానీ అది ఒకరోజు పని. మర్నాటి నుంచి ఏ షాపుకి వెళ్లాలో చెప్పేది ఈ లెక్కలే.

రోగి వైపు ఆలోచించకుండా ఈ డబ్బు ఖర్చుపెడితే మేలు కంటే కీడెక్కువ. 1985లో ఎన్‌డీపీఎస్ వచ్చాక లైసెన్సుల భయంతో చాలా ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. క్యాన్సరు రోగులు నొప్పితో అరుస్తూ పోయారు. దాన్ని సరిదిద్దడానికి 2014 సవరణ దాకా పట్టింది. అమెరికాలోనూ చీటీలు బిగించాక కొంతమంది వీధిలో దొరికే హెరాయిన్, ఫెంటనిల్ వైపు వెళ్లారు. మనం కూడా అల్ప్రాజోలం ఏళ్ల తరబడి వాడుతున్న మనిషికి ఒక్కరోజులో లేదు పొమ్మంటే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చూస్తూ వారాల తరబడి మోతాదు తగ్గించాలి. అందుకని పర్యవేక్షణకి అడిగే ప్రతి ప్రతిపాదనలోనూ చికిత్సకి పంపే ఏర్పాటుకి వాటా పెట్టండి. పట్టుకున్నాక ఎక్కడికి పంపాలో తెలియని వ్యవస్థకి నేను ఓటు వెయ్యను.

గోప్యత గురించి కూడా. మానసిక వైద్యుడి చీటీ బయటపడితే మన ఊళ్లలో పెళ్లి సంబంధాలు ఆగిపోతాయి. రోగి పేరూ ఫొటో షాపుల వాట్సాప్ గ్రూపులో 'ఇతనికి ఇవ్వొద్దు' అని పెట్టడం ఇప్పుడే జరుగుతోంది. దయచేసి ఆపండి. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. వ్యవస్థలో ఎవరు ఎవరి రికార్డు ఎప్పుడు తెరిచారో నమోదవ్వాలి, ఏడాదికోసారి బయటి భద్రతా ఆడిట్ జరగాలి. ఆ ఆడిట్ ఖర్చు కూడా ఏటా వచ్చేదే.

ప్రశ్నలు తీసుకుంటాను.

(సభ నుంచి: మా షాపులో కంప్యూటరు లేదండి. పల్లెటూరు. మేమేం చెయ్యాలి?)

రెండు ప్రతులు పడే రిజిస్టరు అచ్చు వేయించుకోండి. పైపేజీ మీ దగ్గర, కార్బన్ కాపీ వారానికోసారి చించి మీ స్టాకిస్టు డెలివరీ కుర్రాడికివ్వండి, ఏజెన్సీలో ఎక్కిస్తారు. ఏజెన్సీకి ఎంట్రీకి ఇంత అని ఇచ్చే పద్దు ప్రతిపాదనలో ఉండాలి. ఉచితంగా చెయ్యమంటే మూడో వారం నుంచి ఆ కాగితాలు అట్టపెట్టెలో పడి ఉంటాయి. పేజీల మీద వరస నంబర్లు అచ్చువేయించండి, ఏది రాలేదో తెలియడానికి.

(సభ నుంచి: మందు ఇవ్వం అంటే గొడవకి దిగుతున్నారు. రాత్రిపూట ఒక్కడినే ఉంటాను.)

వాదన పెట్టుకోవద్దు. 'నువ్వు మత్తుకి అలవాటు పడ్డావు' లాంటి మాట అనొద్దు. స్టాకు లేదని అబద్ధమూ చెప్పొద్దు, షెల్ఫులో కనపడితే గొడవ పెరుగుతుంది. 'ఈ చీటీ మీద ఒకసారి ఇచ్చేశారండీ, ముద్ర చూడండి, కొత్త చీటీ తెండి, ఇస్తాను' అనండి. రూలు మీదికి నెట్టండి, మనిషి మీదికి వద్దు. ఆ మందులు కౌంటరు వెనక కనపడని చోట, తాళం ఉన్న సొరుగులో పెట్టండి. బెదిరిస్తే ఇచ్చి పంపి, వెంటనే పోలీసులకి చెప్పండి. మీ ప్రాణం కంటే ఆ స్ట్రిప్పు ఎక్కువ కాదు. ఈగల్ వాళ్ల టోల్‌ఫ్రీ 1972. సాయం కావాలన్న మనిషికైతే 14446 రాసివ్వండి, అది వ్యసన విముక్తి హెల్ప్‌లైను. నిద్రలేక, దిగులుతో వచ్చినవాళ్లకి 14416, టెలీమానస్, తెలుగులో మాట్లాడతారు. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఈ నాలుగూ బిల్లు వెనక అచ్చువేయించండి.

(సభ నుంచి: కోడీన్ దగ్గుమందు ఒక్క సీసాకి కూడా ఇంత రాయాలా?)

రాయాలి. ఐదు మిల్లీలీటర్లకి 10 మిల్లీగ్రాముల కోడీన్ ఉన్న రకమైతే వంద మిల్లీలీటర్ల సీసాలో 200 మిల్లీగ్రాములు. దగ్గుకి చెంచాడు చొప్పున తాగేవాడికి అది వారం మందు. మత్తుకి తాగేవాడు సీసా ఒక్క గుక్కలో ఎత్తేస్తాడు. మీ పుస్తకంలో రెండూ ఒక సీసాగానే కనపడతాయి. అదే పేరు నాలుగు రోజుల్లో మళ్లీ వచ్చిందా లేదా అన్నదే తేడా చెబుతుంది. అందుకే తేదీ గడి ఖాళీ వదలొద్దు.